శిథిలాలూ, మన సాహిత్య దృష్టీ

పాడుపడ్డ కోటగోడను చూస్తే పద్యం పుట్టే కాలం ఒకటి మన సాహిత్యంలో వుండేది. విశ్వనాథ సత్యనారాయణగారి "ఆంధ్రప్రశస్తి", కొడాలి వెంకటసుబ్బారావుగారి "హంపీక్షేత్రము" ఆ కాలపు పుస్తకాలు. ఆ తర్వాత కోటగోడను చూస్తే ప్రశ్న పుట్టే కాలం వచ్చింది. "దేశచరిత్రలు" గీతంలో శ్రీశ్రీ ఆ ప్రశ్న అడిగాడు. మనమంతా ఆ ప్రశ్న నేర్చుకుని పెరిగినవాళ్ళమే. ఇప్పుడు మూడో కాలంలో వున్నాం. పాడుపడ్డ గోడను చూస్తే పద్యమూ పుట్టడం లేదు, ప్రశ్నా పుట్టడం లేదు. ఆ గోడ కింది స్థలం గజం ఎంత పలుకుతుందన్న లెక్క మాత్రం పుడుతోంది.

దీనికి కారణం రియల్ ఎస్టేటు వ్యాపారమనీ, పెట్టుబడి స్వభావమే అంతనీ ఒక్క మాటలో తేల్చేయవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. కాని అంతటితో ఆగిపోతే సాహిత్య విమర్శకుడు తన పని తాను చేయనట్లే లెక్క. గోడ కూలుతుంటే చూస్తూ వూరుకునే మనసును తయారుచేయడంలో సాహిత్యానికీ భాగం వుంటుంది. మొదటి కాలపు కవుల బాధ్యతను గురించి మన పత్రికలు కావలసినంత రాశాయి. రెండో కాలం బాధ్యతను గురించి, అంటే మన బాధ్యతను గురించి, రాసింది తక్కువ. ఇరవైయారేళ్ళ వయసులో నేనే తెలంగాణా గడీలను గురించి ఒక వ్యాసం రాశాను. "కూలనివ్వండి" అన్నది దాని సారాంశం. నలుగురు మిత్రులు మెచ్చుకున్నారు కూడాను. యీ వ్యాసం ఒక విధంగా దానికి జవాబు.

నిరుడు సంక్రాంతి సెలవుల తర్వాత మా బి.ఏ. విద్యార్థులను పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని ఒక గడిని చూడడానికి వెళ్ళాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే దారికి లోపలగా, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట వుంది ఆ వూరు. పేరు చెప్పను, చెబితే గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళకు దారి చూపినట్లవుతుంది. ఇప్పటికే ఆ గడి నట్టింట్లో నిలువెత్తు గుంట వుంది. దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్ళు" నవల పాఠం చెబుతున్నాను. గడి అంటే సినిమా సెట్టింగు అనుకునే పిల్లలకు ఆ నవలలోని ఆడబాపల బతుకు ఎట్లా అర్థమవుతుందని నా బాధ.

గడి సగం కూలింది. ముందరి బురుజు మీద రావిచెట్టు లేచింది. దాని వేళ్ళు రాళ్ళ సందుల్లోకి దిగి ఒక్కొక్క రాయినీ బయటికి నెడుతున్నాయి. టేకు దూలాలు లేవు. వారసులు పట్నంలో వుంటున్నారట. దూలాలూ, చెక్కిన దర్వాజాలూ పాతకలప వ్యాపారికి అమ్ముకున్నారట. దూలం తీస్తే పైమిద్దె నిలవదు. పైమిద్దె పడితే గోడల నెత్తిన వాననీరు దిగుతుంది. రెండు వానాకాలాల్లో గోడ వుబ్బి పగులుతుంది. మనం కాలం చేసిన పని అనుకునేదాంట్లో సగానికి పైగా యీ విధంగా మనిషి చేసిన పనే. కాలపురుషుడి మీద పద్యాలు రాసిన మన కవులు యీ సంగతి గమనించలేదు. వాళ్ళ శిథిలాల్లో రాయి ఎప్పుడూ తనంతట తానే రాలుతుంది. దాన్ని బండికెత్తుకుపోయేవాడు కనబడడు.

ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "సార్, ఇది కూలిపోతుంటే మనకెందుకు బాధ? మా తాత తండ్రిని యీ స్తంభానికే కట్టేసి కొట్టారంట."

నేను ఇరవైయారేళ్ళప్పుడు రాసిన వ్యాసమంతా ఆ కుర్రాడు ఒక్క మాటలో చెప్పేశాడు. తడుముకోకుండా జవాబు చెప్పలేకపోయానని వొప్పుకుంటున్నాను. కులమూ భూమీ వున్న కుటుంబాల పిల్లలకు పాత కట్టడం అంటే తాతల ఘనత. యీ కుర్రాడికి అది తాతల వీపు మీది దెబ్బ. ఇద్దరికీ కలిపి "మన వారసత్వ సంపద" అని ఒకే మాట చెప్పే పర్యాటకశాఖ బోర్డు అబద్ధం చెబుతోంది. కాని "కూలనివ్వండి" అనడం కూడా నిజం కాదని ఆ పూటే నాకు తెలిసివచ్చింది. ఎట్లాగో చివర చెబుతాను.

మొదటి కాలపు కవిత్వం మాట కొంచెం చూద్దాం. దాన్ని వూరికే కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. "హంపీక్షేత్రము" చదివి కళ్ళు చెమర్చిన తెలుగువాళ్ళు వేలమంది. పరాయిపాలనలో వున్న జాతికి తన పాత గొప్పను తలుచుకోవడం ఒక బలం. కాని ఆ దుఃఖం ఎవరికోసం? రాజుకోసం, రాణికోసం, ఆస్థాన కవికోసం. కోట కూలితే కూలినది రాజ్యం. రాజ్యం అంటే రాజు. విశ్వనాథవారి "వేయిపడగలు"లో యీ ధోరణి సిద్ధాంత రూపం దాల్చింది. సుబ్బన్నపేటలో కోవెల వెలుగు తగ్గడం, జమీందారీ కుంగడం, వర్ణధర్మం సడలడం ఇవన్నీ ఒకే రోగానికి లక్షణాలు. అంత పెద్ద నవలలో ఆ కోవెలకు సున్నం కొట్టేవాడికి యేడాదికి ఎన్ని గింజలు ముట్టేవో మనకు తెలియదు. విశ్వనాథవారి పాత్రల దుఃఖం నిజమైనదే. అయితే కట్టడాన్ని ధర్మానికి గుర్తుగా చేసిన తర్వాత ఇక దాన్ని కట్టడంగా చూడడం సాధ్యం కాదు. ఆ ధర్మం వద్దనుకున్నవాడు కట్టడాన్నీ వద్దనుకుంటాడు. మన తప్పు అక్కడ మొదలయింది. విశ్వనాథవారు వేసిన సమీకరణాన్ని మనం తలకిందులు చేశామే గాని, సమీకరణాన్ని కాదనలేదు.

శ్రీశ్రీ ప్రశ్నను మనం ఏం చేశామో చూడండి. తాజమహలు ముందు నిలబడి కూలివాడి పేరు అడగమన్నాడు. జర్మన్ కవి బ్రెహ్ట్ కూడా 1935లో, చదువుకుంటున్న కార్మికుడి నోట అటువంటి ప్రశ్నలే వేయించాడు. గొప్ప ప్రశ్న. కాని దాన్ని మనం అలంకారం చేసుకున్నాం. సభల్లో చదివాం, చప్పట్లు కొట్టాం, జవాబు దొరకదని ముందే తేల్చుకున్నాం. నిజానికి అది పని పురమాయించే ప్రశ్న. జవాబు కొంత దొరుకుతుంది. కన్నడ దేశంలో హొయసళ దేవాలయాల విగ్రహాల కింద చెక్కినవాళ్ళ సంతకాలున్నాయి. మల్లితమ్మ అనే శిల్పి పేరు సోమనాథపురంలో ఈనాటికీ చదువుకోవచ్చు. మన కాకతీయుల కాలపు శాసనాల్లో రాజుల బిరుదులతోపాటు వృత్తులవాళ్ళ సమయాలు, వాళ్ళు గుడికి ఇచ్చిన దానాలు, వాళ్ళమీద వేసిన పన్నులు కనబడతాయి. ఆ శాసనాలు ఎక్కడున్నాయి? యీ కూలుతున్న గోడలమీదనే వున్నాయి. శాసనం మీద రంగు పూసిననాడు శ్రీశ్రీ ప్రశ్నకు జవాబు ఒకటి చెరిగిపోయినట్లే. అభ్యుదయవాది ఆనాడు వూరుకోవడానికి వీల్లేదు.

ఖమ్మం జిల్లాలో యీ మాటకు నిదర్శనాలు వెతకనక్కరలేదు. కూసుమంచిలో గణపేశ్వరాలయం వుంది, కాకతీయుల నాటిది. రామప్పగుడికి 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు పత్రికలన్నీ పండుగ చేసుకున్నాయి, చేసుకోవలసిందే. ఆ గుడి 1213 నాటిది. 1922లో గులాం యజ్దానీ పాలంపేట దేవాలయాల మీద పుస్తకం వేసేనాటికే దానికి పండితలోకంలో పేరు వచ్చింది. ఆ చేతులే, ఆ తరమే కట్టిన కూసుమంచి గుడి పేరు మా విద్యార్థుల్లో ముగ్గురికి తెలుసు. నేలకొండపల్లి సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఇటుకలతో కట్టిన బౌద్ధ మహాస్తూపం వుంది. జనం ఆ దిబ్బలను విరాటరాజు పేరుతో చెప్పుకుంటారు. కీచకుడి కథ కూడా అక్కడికే అతుకుతారు. బుద్ధుణ్ణి మరిచిపోయిన జనం ఇటుకలను మరిచిపోలేక భారతకథను తెచ్చి కప్పారు. ఇది జానపద వాఙ్మయం పరిశోధకులకు మంచి విషయం. మా శాఖలో ఇప్పటికీ ప్రబంధాల్లోని అష్టాదశ వర్ణనల మీదనే సిద్ధాంత వ్యాసాలు వస్తున్నాయి.

అదే నేలకొండపల్లి కంచెర్ల గోపన్నది. రామదాసును విమర్శకులు భక్తుడుగా చూశారు, వాగ్గేయకారుడుగా చూశారు. ఆయన తానీషా ప్రభుత్వంలో పాల్వంచ పరగణా తహసీలుదారు. సర్కారుకు చేరవలసిన శిస్తుతో భద్రాచలం గుడి కట్టించాడు. గోలకొండ చెరలో పడ్డాడు. చెరలో వుండి రాముణ్ణి నిలదీస్తూ పాడిన కీర్తన ఒకటి అందరికీ తెలుసు. ప్రాకారానికి ఇంత, సీతమ్మ పతకానికి ఇంత అని మొహరీల్లోనూ వరహాల్లోనూ లెక్క అప్పజెబుతాడు. అది భక్తిగీతం, దానితోపాటు అది తహసీలుదారు దాఖలుచేసిన జమాఖర్చుల చిట్టా. తెలుగులో ఒక కట్టడపు ఖర్చును పద్దులవారీగా చెప్పిన పాట మరొకటి నాకు గుర్తురావడం లేదు. ఆ చిట్టాలో జమ పక్క ఖాళీ. ఆ సొమ్ము పాల్వంచ పరగణా రైతు కట్టిన శిస్తు అన్న మాట లేదు. ఖర్చు పక్క కూలి పద్దు లేదు. రాముడు స్వయంగా వచ్చి తానీషాకు బాకీ తీర్చాడని ఐతిహ్యం చెబుతుంది. సర్కారు బాకీ తీరింది, బాగానే వుంది. రైతు బాకీ తీర్చడానికి ఏ దేవుడూ వచ్చినట్లు కథ పుట్టలేదు. కథ పుట్టించే శక్తి ఎవరి చేతిలో వుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయినా ఆ గుడి కథలో మొదటి మనిషి తహసీలుదారు కాడు. పోకల దమ్మక్క. అడవిలో పుట్టలో దొరికిన విగ్రహాలకు పందిరి వేసి, పండో కాయో పెట్టి పూజచేసిన గిరిజన స్త్రీ ఆమె అని స్థలపురాణమే చెబుతుంది. ఆమె పేరుతో భద్రాచలంలో ఉత్సవం కూడా జరుగుతుంది. దమ్మక్క పందిరి కూడా కట్టడమే. తడికె, వెదురు, గడ్డి, మట్టి. అది శిథిలం కూడా కాలేదు. శిథిలం కావడానికైనా రాయి కావాలి. మనం "పాత కట్టడాలు" అనే మాట వాడినప్పుడల్లా ఆస్తి వున్నవాళ్ళ కట్టడాలనే అంటున్నామన్న స్పృహ వుండాలి. కోయగూడెంలో ఇల్లు ప్రతి రెండు మూడేళ్ళకూ కప్పు మార్చుకుంటుంది. గోడను ఆడవాళ్ళు అలికి అలికి నిలబెడతారు. అక్కడ పాతదనం గోడలో లేదు, గోడ అలికే చెయ్యి పట్టులో వుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు యెగరేస్తారు. ఇంత నీటిలో మొదట కరిగేది మట్టిగోడ. తర్వాత వచ్చే సిమెంటు ఇల్లు మంచిదే. తడవని ఇంట్లో వుండడం కోయవాడికీ హక్కే. కాని కరిగిన ఇంటి కొలత, దాని గది వరస, వసారాలో దేవుడికి విడిచిన మూల, ఇవి ఎవరైనా రాసిపెట్టారా?

పోలవరం కింద మునిగే మండలాలను 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు. అంతకుముందు నాగార్జునసాగరం కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాలను కొండమీదికి తరలించారు. శ్రీశైలం నీళ్ళలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం చేర్చారు. రాయిని తరలించే విద్య మనకు తెలుసు. గూడేన్ని తరలించే విద్య మాత్రం పునరావాస కాలనీ దగ్గర ఆగిపోయింది: ఒకే కొలత, ఒకే రంగు, వరసకు ఇన్ని ఇళ్ళు.

ఇక జీర్ణోద్ధరణ. యీ మాట వినగానే నాకు భయం వేస్తుంది. పాడుపడ్డదాన్ని పట్టించుకోకపోవడం ఒక రకం నాశనం; డబ్బు వచ్చి పట్టించుకోవడం రెండో రకం నాశనం. మా ప్రాంతంలో రెండోదే ఎక్కువ వేగంగా పనిచేస్తోంది. పాత గుడికి దాత దొరుకుతాడు. రాతి స్తంభానికి ఎనామిల్ రంగు, గర్భగుడికి స్నానాలగది పలకలు, మండపానికి సిమెంటు చపటా. డంగుసున్నంతో కట్టిన గోడ తడిని పీల్చి మళ్ళీ బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుపడి రాయినీ సున్నాన్నీ తినేస్తుంది. యీ సంగతి వూళ్ళో పాత మేస్త్రీకి తెలుసు. కాంట్రాక్టరుకు తెలియదు, తెలిసినా ఆయనకు లాభం లేదు. చివరికి గోడమీద మిగిలేది దాతల పేర్ల పాలరాతి పలక. రాజు బిరుదులు చెక్కించుకున్న చోటనే కాంట్రాక్టరు బిరుదులు. మధ్యలో ఎనిమిది వందల యేళ్ళు గడిచాయన్న మాటే గాని పద్ధతి మారలేదు.

మనవాళ్ళలో కొందరికి యీ గోడలమీద దిగులు "బూర్జువా జబ్బు"గా తోస్తుంది. వాళ్ళకు విలియం మారిస్‌ను గుర్తుచేయాలి. ఇంగ్లండులో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని 1877లో పెట్టినవాడు ఆయన. కొద్ది యేళ్ళకే సోషలిస్టు అయి వీధి సభల్లో వుపన్యాసాలిచ్చినవాడూ ఆయనే. చర్చీలను "బాగుచేసే" పేరుతో పాత పనివాళ్ళ చేతిగుర్తులను చెరిపేస్తున్నారన్నది ఆయన కోపం. పనివాడు తన పనిలో ఆనందం పొందిన కాలానికి ఆ రాళ్ళు సాక్ష్యమనీ, కార్ఖానా కూలికి ఆ ఆనందం మళ్ళీ రావాలనీ ఆయన నమ్మకం. మధ్యయుగాల మీద ఆయనకు భ్రమలున్నాయి, నిజమే. మన వెట్టివాడు గడి కట్టి ఆనందించాడని ఎవడైనా అంటే చెంపదెబ్బ తినవలసిందే. కాని రాతిని సాక్షిగా చూడడం ఆయన దగ్గర నేర్చుకోవలసిందే. 1917 నవంబరులో మాస్కో పోరాటంలో క్రెమ్లిన్, సెయింట్ బేసిల్ చర్చి ధ్వంసమయ్యాయన్న వార్త విని లూనాచార్‌స్కీ కమిసారు పదవికి రాజీనామా ఇచ్చాడు. వార్తలో అతిశయోక్తి వుందని తెలిశాక వెనక్కు తీసుకున్నాడు. ఆయన తొందరపడ్డాడని నవ్వుకోవచ్చు. విప్లవం నడుస్తున్న వారంలో ఒక విప్లవకారుడికి ఆ రాళ్ళు అంత ముఖ్యమెందుకయ్యాయో ఆలోచించనూ వచ్చు.

రాజులవీ, దేవుళ్ళవీ, దొరలవీ కాని శిథిలం ఒకటి మా దగ్గర వుంది. దాన్ని చూస్తే యీ చర్చ ఇంకా తేటపడుతుంది. అది దుమ్ముగూడెం. గోదావరిమీద పడవల దారి వేసి నాగపూరు, బీరారు పత్తిని సముద్రానికీ, అక్కడినుంచి లాంకషైరు మిల్లులకూ చేర్చాలని ఒక పథకం వేశారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ దానికి ప్రధాన ప్రచారకుడు. అడవిలో పని నడిపించినవాడు హెయిగ్ అనే సైనిక ఇంజనీరు. నదికి అడ్డుపడ్డ మూడు రాతి అవరోధాల్లో మొదటిది దుమ్ముగూడెం దగ్గర వుంది. అక్కడ ఆనకట్ట, పక్కన పడవల కాలువ, లాకులు కట్టారు. 1861లో అమెరికా అంతర్యుద్ధం వచ్చి మిల్లులకు పత్తి కరువయినప్పుడు మాంచెస్టరు వ్యాపారులకు గోదావరి మీద ప్రేమ పొంగింది. 1865లో యుద్ధం ఆగింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. 1871లో ప్రభుత్వం పథకాన్నే వదిలేసింది. లాకులు అడవిలో మిగిలాయి.

ధవళేశ్వరంలో కాటన్‌కు మ్యూజియం వుంది. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని వూరు అరుదు. దుమ్ముగూడెం ఆయన ఓటమి, అందుకని దానిమీద పద్యం లేదు. నేను మొదటిసారి ఆ చెక్కిన రాళ్ళ వరసలను చూసినప్పుడు చాలాసేపు కదలలేకపోయాను. మన్యం జ్వరాల మధ్య ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు ఏ వూళ్ళనుంచి వచ్చారు, ఎంతమంది తిరిగివెళ్ళారు? ఒక్క జానపదగీతంలోనైనా ఆ పని జాడ వుందేమో వెతకవలసిన బాధ్యత తెలుగు శాఖలది. ప్రపంచ మార్కెట్టు అనేది ఏ విధంగా ఒక అడవి వూరికి వచ్చి, గాయం చేసి, చెప్పకుండా వెళ్ళిపోతుందో బోధించడానికి అంతకంటె మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ఇప్పుడు ఆ ఆనకట్ట నీటిమీదనే సీతారామ ఎత్తిపోతల పథకం ఆధారపడింది. దాని దిగువనే సీతమ్మసాగర్ బారేజీ పని చేపట్టారు. రైతుకు నీరు రావాలి, అందులో రెండు మాటలు లేవు. పాత లాకుల కొలతలు తీసి, ఫోటోలు పట్టి, నక్షాలు గీసి పెట్టడానికి రైతు నీటిలో ఒక చుక్క కూడా తగ్గదు.

ఇల్లెందు గనుల మాట కూడా ఇట్లాంటిదే. కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1871లో బొగ్గు కనిపెట్టినచోట, 1889 నుంచి గని నడిచినచోట, కార్మికుల పాత వరస ఇళ్ళను చూడాలంటే ఇప్పుడు ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు కనబడతాయి. దానిమీద విడిగా రాయవలసి వుంది.

సాహిత్యంలో యీ సమస్యకు దారి చూపినవాడు ఒకడున్నాడు. జాషువ. 1941లో వచ్చిన "గబ్బిలం"ను మనం కులసమస్య కావ్యంగానే చదువుతాం, చదవవలసిందే. కాని గబ్బిలం ఎక్కడ వుంటుంది? పాడుపడ్డ గుళ్ళలో. మనిషికి ప్రవేశం లేని గర్భగుడిలో దానికి ప్రవేశం వుంది. ఆ చీకటి కట్టడాన్ని లోపలినుంచి ఎరిగినది అది ఒక్కటే; గడప ఇవతల ఆగిపోయిన అరుంధతీసుతుడు దానితో మాట్లాడుతున్నాడు. కాశీకి పంపుతూ దారిలోని పాత రాజధానులను చూసి పొమ్మంటాడు. తనను బయట నిలబెట్టిన చరిత్రను అతను తృణీకరించడు, తలకెత్తుకోడు కూడా. దాన్ని చూడడానికి తనకూ హక్కుందంటాడు. కూలనివ్వండి అనలేదు, కన్నీళ్ళతోనే సరిపెట్టుకోలేదు. విశ్వనాథవారి సమీకరణం నుంచి బయటపడ్డ తెలుగు కవి నా లెక్కలో అతనొక్కడే. ఆ కుర్రాడి ప్రశ్నకు నేను జాషువను తలుచుకుని జవాబు చెప్పవలసింది. ఆ క్షణంలో తట్టలేదు.

నాకు బదులు జవాబు చెప్పినది వేరొకరు. గడి వెనక పెరట్లో గుండ్రటి రాతి కాలువ వుంది, సున్నపు గానుగ. ఎద్దులను కట్టి తిప్పే రాతి చక్రం పక్కకు వొరిగి వుంది. సున్నం, ఇసుక వేసి, కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు పోసి, రోజుల తరబడి నూరితే డంగుసున్నం అవుతుందని పిల్లలకు చెబుతున్నాను. మేకలు తోలుకుపోతున్న ఒక ముసలావిడ ఆగి విన్నది. "బెల్లమా!" అని నవ్వింది. "ఏం అవ్వా, తప్పు చెప్పానా?" అన్నాను.

"తప్పేంలే సారూ. బెల్లం గోడకే పోసిండ్రు, మాకు పొయ్యలే. పైమిద్దె ఏసిన యేడు మా మామ యీ గానుగ తోలిండు. కూలి లేదు గీలి లేదు. పొద్దుగూకినంక ఇంత గట్క పోసేటోళ్ళు. మా అత్త యీ గాడి పక్కన్నే బిడ్డను కన్నదట." కొంచెంసేపు వూరుకుని మళ్ళీ అన్నది: "గడి పోతే పోనీ, మాకేంది? యీ రాయిని మాత్రం ఎత్తుకపోనియ్యొద్దని సెప్పు సారూ. నువ్వు సదువుకున్నోడివి, సెప్తే ఇంటరు."

దూలాలు పోయినందుకు ఆమెకు చింత లేదు. ఆ గడి మొత్తంలో తన ఇంటివాళ్ళ పనిని పట్టుకుని వున్న రాయి ఏదో ఆమెకు తెలుసు. ప్రశ్న అడిగిన కుర్రాడు ఆమెతోపాటు చాలా దూరం నడిచి వెళ్ళాడు. సాయంత్రం బస్సెక్కేటప్పుడు అతని నోటుపుస్తకంలో ఆరు పేజీలు నిండి వున్నాయి: గానుగ ఎవరు తోలారు, రాయి ఏ గుట్టనుంచి వచ్చింది, టేకు ఏ వాగు వెంట తెచ్చారు, ఎవరెవరికి ఎన్ని రోజుల వెట్టి పడింది. కొన్ని పేర్లు వున్నాయి. నేను ఎం.ఏ.లో చదివిన ఏ చరిత్ర పుస్తకంలోనూ లేని పేర్లు.

నేను సంబంధిత కార్యాలయానికి ఒక వుత్తరం రాశాను. నూరేళ్ళు నిండాయన్న ఆధారం, యజమాని అంగీకారం కావాలని నోటిమాటగా చెప్పారు. 1958 నాటి కేంద్ర చట్టంలో నూరేళ్ళ నిబంధన వున్న మాట వాస్తవమే. పైమిద్దె వేసిన యేడు ఆ అవ్వకు తెలుసు గాని, దానికి కాగితం లేదు.

యీ వేసవిలో మళ్ళీ వెళ్ళాం. గడి లేదు. నేల చదునుచేసి, సున్నంతో ప్లాట్ల గీతలు గీసి వుంది. గానుగ కాలువ ఎక్కడో మట్టికింద పడింది. కుర్రాడు అవ్వ ఇల్లు కనుక్కుని పిలిచాడు. ఇంటిముందు బోరింగు పక్కన రాతి చక్రం పడుకోబెట్టి వుంది. జె.సి.బి. డ్రైవరుకు రెండువందలిచ్చి దొర్లించుకువచ్చిందట. దానిమీద ఆమె కోడలు బట్టలు వుతుకుతోంది.